మూతెడు నీళ్ళు

సూర్యాపేట నుంచి కోదాడ మీదుగా మిర్యాలగూడ వెళ్ళే బస్సుకు నేను డ్రైవర్ని, ఆమె కండక్టర్. ఎంత ఎండైనా సీసాలోని నీళ్ళు మూతలో పోసుకుని నాలుక తడుపుకునేది, అంతే.

"కడుపు నిండ తాగినంక యాడ దిగాలె తమ్మీ? నువ్వు బస్సు ఆపుతవా?" అని నవ్వేది.

నేను ఆపేవాణ్ణి కాదు. టైముకు చేరుస్తానని నాకు పేరు.

మలబద్ధకంతో ఆమె బాధపడుతుంటే విరేచనమయ్యే మాత్రలు నేనే తెచ్చిచ్చాను. "పండేటప్పుడు ఒకటి వేసుకో అక్కా, తెల్లారేసరికి పరేషాన్ ఖతం" అన్నాను. మొదట్లో పనిచేశాయి. తర్వాత ఒకటి రెండైంది, ఎప్పుడో వేసుకునేది రోజూ అయింది. నెలల తరబడి అడిగినప్పుడల్లా తెచ్చాను.

ఒక మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో, హుజూర్‌నగర్ దాటాక, కడుపు పట్టుకుని కూలబడింది. "కాళ్ళల్ల సత్తువ లేదు తమ్మీ" అంది. నేను టైము చూసుకున్నాను.

"ఏందయ్యా సూస్తున్నవ్, దవాఖానకు తోలు!" అని వెనక నుంచి ఒక ముసలామె అరిచింది. అందరితో సహా బస్సును కోదాడ దవాఖానకు తోలాను.

డాక్టరమ్మ సెలైన్ పెట్టించి, ఆమె సంచిలోని మాత్రల అట్ట చూసింది. "ఇవి ఎప్పుడన్నా ఒకసారి వాడేవమ్మా. వారం దాటితే డాక్టర్ని అడగాలి. రోజూ వేసుకుంటే ఒంట్లో నీళ్ళూ లవణాలూ పోతాయి, ప్రాణం మీదికొస్తుంది. ఎవరిచ్చారు నీకు?"

ఆమె నా వైపు చూడలేదు. "నేనే కొనుక్కున్న మేడం."

గుమ్మంలో నిలబడి నోరు తెరిచాను.

"బస్సుకు లేటయితాంది" అన్నాను.