టీవీలో తాత చాపిన చెరుకు ముక్క

ఈ నెల మొదట్లో ఒక పొద్దున నేను వాకిట్లో ముగ్గు వేస్తుంటే పక్కింటి కోడలు గోడ మీదుగా పిలిచింది. "అక్కా, అవ్వ లేస్తలేదు, జర వస్తవా?" నేను పోయేసరికే అవ్వ ఒళ్లు చల్లబడిపోయింది. ఎడపల్లిలో మా గోడకు ఆనుకున్న ఇల్లు వాళ్లది. చుట్టం కాదు, కానీ ఆమె పోయినకాణ్నుంచి నాకు అన్నం సయించడం లేదు.

అవ్వ పెనిమిటి, మేమంతా తాత అని పిలిచే ఆయన, పోయి మూడేళ్లు. ఆయనది మిగిలిన వీడియో ఒక్కటే, అదీ నా ఫోనులో. చెరుకు కొట్టే రోజుల్లో పొలం గట్టున సరదాకు తీశాను, నిమిషం కూడా ఉండదు. తాత గడను చెక్కి, ముక్క నా వైపు చాపి, "తిను బిడ్డా, ఈసారి మస్తు తియ్యగున్నది" అంటాడు. అంతే.

అవ్వకు చూపు మందగించింది. ఫోను ఎంత దగ్గర పెట్టినా "ఏందో తెల్లగ కదులుతున్నది" అనేది. పోయినేడు కొడుకు పెద్ద టీవీ కొన్నాడు. ఒక మధ్యాహ్నం నా ఫోనును వాళ్ల వైఫైకి కలిపి వీడియోను టీవీలోకి పంపాను. తాత గోడంత కనబడ్డాడు. కుర్చీలో కాళ్లు మడుచుకుని కూర్చున్న అవ్వ చప్పున లేచి, నెత్తి మీదికి కొంగు లాక్కుని గోడ పక్కన నిలబడింది. ఆయన ముందు ఏనాడూ కుర్చీలో కూర్చోలేదట. నాకు నవ్వొచ్చింది గానీ ఆమె ముఖం చూసి మింగేశాను.

"తిను బిడ్డా" అని తాత ముక్క చాపగానే అవ్వ కసురుకుంది. "నాకు నోట్ల పండ్లేడున్నయ్? నువ్వే తిను!"

ఇక అది రోజూ జరిగేదే. నేను బోధన్‌లో కుట్టుపని ముగించుకుని బస్సు దిగేసరికి అరుగు మీద ఉండేది. ముందు "ఫోను తెచ్చినవా?" తర్వాతే "బువ్వ తిన్నవా?" వీడియో పెట్టేలోపు టీవీ అద్దాన్ని కొంగుతో తుడిచేది. "ఎండల నిలవడ్డడు, మొఖమంతా దుమ్మే."

ఒకరోజు ఎంతకీ కలవలేదు. ఫోనూ టీవీ ఒకే వైఫైలో ఉండాలని చెప్పాను. "ఒక్క బాయి నీళ్లు తాగితేనే మాట కలుస్తదన్నట్టు" అని, నాతో వచ్చిన మా అత్తను, నన్ను మార్చి మార్చి చూసి, "అత్తాకోడండ్లు గూడ గంతే" అంది. ఆ వారమంతా మేమిద్దరం మాట్లాడుకోవడం లేదని ఆమెకు ఎలా తెలిసిందో! సిగ్గుతో ఇద్దరం నవ్వేశాం. ఆ సాయంత్రం ఒకే కంచంలో అటుకులు తిన్నాం.

ఆమె పోయే ముందురోజు నాకు నడుము నొప్పి. "రేపు పెడత అవ్వా" అన్నాను. "గట్లనే బిడ్డా, తాత ఏడికి పోతడు?" అని లోపలికి వెళ్లింది. నిమిషం పని. ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

పదో రోజు భోజనాలయ్యాక కొడుకు వచ్చి, "అక్కా, బాపును ఒక్కసారి పెట్టు" అన్నాడు. చాప మీద అందరూ కూర్చున్నారు, కుర్చీ మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. టీవీ అద్దాన్ని నేనే కొంగుతో తుడిచాను. తాత గడను చెక్కి ముక్క చాపాడు.

"తిను బిడ్డా, ఈసారి మస్తు తియ్యగున్నది."

చాపిన చెయ్యి చాపినట్టే ఉండగా వీడియో ఆగిపోయింది.