పాముల మేస్త్రీ ఇంట్లో పాము

వృత్తికి తాపీ మేస్త్రీ అయినా, వీధి మొత్తానికీ ఆయన పాముల మేస్త్రీయే. ఎవరింట్లో పాము దూరినా చేతిలో పని వదిలేసి పరిగెత్తేవాడు. పట్టి సంచిలో వేసి దగ్గర్లోని పొదల్లోనే వదిలేవాడు. దూరం తీసుకెళ్తే కొత్తచోట తిండి దొరక్క చస్తాయని ఆయన బెంగ. "కర్ర కింద పెట్టండి, నేనొస్తున్నాను" అన్న ఒక్క మాటతో ఆ వీధిలో ఏళ్ల తరబడి పాము చచ్చింది లేదు. ఆ మాటంటే ఆయనకు కాస్త గొప్ప కూడా.

నిన్న మధ్యాహ్నం మనవరాలు చాప మీద నిద్రపోతోంది. కిటికీలు మూసిన గది మసకగా ఉంది. పిల్ల కాళ్ల దగ్గర తెల్ల పట్టీల నల్లపాము కదిలింది. కట్లపామే అనుకున్నాడు మేస్త్రీ. పిల్లను ఎత్తుకుని బయటికి వచ్చేస్తే సరిపోయేది, అందరికీ ఆయన నేర్పిందీ అదే. కానీ చేయి గోడలు చదును చేసే చెక్క మీదికి పోయింది. పాము కదలడం మానేశాక కూడా కొడుతూనే ఉన్నాడు.

వెలుగులోకి తెచ్చి చూస్తే పట్టీలు మెడ దగ్గరే మొదలై తోకవైపు మాసిపోయి ఉన్నాయి. కట్లపాముకైతే ఇది తిరగబడి ఉంటుంది. ఇది బల్లుల్ని తిని బతికే, విషం లేని పాము. స్కూలు పిల్లలకు బొమ్మ గీసి మరీ చెప్పిన తేడా. సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఎవరికైనా ఫోన్ చెయ్యాల్సింది," అని నాలుక కరుచుకుంది భార్య. "ఎవరికి చేస్తాంలే, మీకేగా. పూడ్చేద్దాం. ఎవరికీ తెలీదు."

పూడ్చారు. ఆయనకు అన్నం సహించలేదు.

ఈ రోజు పొద్దున్నే పిండిమర ఆవిడ ఫోన్ చేసింది. వెళ్లేసరికి బస్తాల వెనక జెర్రిపోతు, గుమ్మానికి అడ్డంగా ఆవిడ, బయట కర్రతో ఆవిడ తమ్ముడు.

"మీరొచ్చేదాకా వీణ్ణి లోపలికి రానివ్వలేదు బాబాయ్. ఇది తిరిగేచోట ఎలుకలు బస్తాల జోలికి రావని మీరేగా చెప్పారు."

మేస్త్రీ పామును పట్టి సంచి మూతి కట్టాడు. తలెత్తి ఆవిడ మొహం చూడలేకపోయాడు.

"చెప్పడానికేం, ఎన్నైనా చెప్తారు," అన్నాడు తమ్ముడు వేళాకోళంగా. "మీ ఇంట్లో దూరితే తెలిసేది."

నవ్వి ఊరుకోవచ్చు. ఎన్నోసార్లు ఊరుకున్నాడు కూడా. ఈసారి నవ్వు రాలేదు.

"నిన్న దూరింది. చంపేశాను," అన్నాడు. "విషం లేనిదాన్ని."

తమ్ముడి మొహంలో వేళాకోళం పోయింది.

"అయితే ఇంకోసారి ఈయన కోసం ఆగేది లేదక్కా," అన్నాడు.

ఎప్పుడూ మేస్త్రీని వెనకేసుకొచ్చే ఆవిడ గుమ్మంలోంచి పక్కకు జరిగి తమ్ముడికి దారిచ్చింది.