బద్రున్నీసా పెరట్లో నడిచిన బాతు

ఏలూరులో తివాచీలు నేసేవాళ్ళ వీధిలో బద్రున్నీసాను ఎరగనివాళ్ళు లేరు. ఎవరైనా ఎరగకపోతే ఆవిడే వెళ్ళి పరిచయం చేసుకునేది. కొత్తగా ఎవరింటి సామాను దిగినా, లారీ తాళ్ళు విప్పేలోపే ఆ బీరువా ఎక్కడ కొన్నారో, మంచం కోళ్ళు ఏ కర్రవో ఆవిడకు తెలిసిపోవాలి. చిన్నప్పుడు తండ్రి నన్నే సాహెబ్ పక్కన మగ్గం ముందు కూర్చుని ముడులు వేసింది. అయిదో తరగతితో బడి మానేసింది గాని, అడగడం మాత్రం మానలేదు.

ఆవిడ పెరడంతా మామగారి హయాంలో వేయించిన ఆరు మూలల సిమెంటు బిళ్ళలు. ఒకప్పుడు ఎర్రగా ఉండేవట. ఇప్పుడు వానాకాలం వస్తే పాచి, ఎండాకాలం వస్తే కాలు కాలడం. వీటిని పీకించి తెల్లగా నిగనిగలాడే టైల్స్ వేయించమని కొడుకు తాహిర్‌ను ఏళ్ళ తరబడి పోరింది. తాహిర్‌కు ఆటోలు రిపేరు చేసే షెడ్డు ఉంది. పోరు పడలేక చివరికి తాడేపల్లిగూడెం నుంచి టైల్స్ తెప్పించి షెడ్డులో పెట్టాడు. ఆదివారం వాటిని బండి మీద తెచ్చి పని మొదలుపెట్టమని మేస్త్రీ యాకోబుకు కబురు చేశాడు. సరిగ్గా అప్పుడే ఆవిడకు ఆ పాత బిళ్ళలు ప్రాణమైపోయాయి.

దానికి కారణం కోడలు హఫ్సా. గూడెంలో ఓ కాలేజీలో కంప్యూటర్ లాబ్ చూసుకునేది, పాసింజరు రైల్లో వెళ్ళి వస్తూ. ఓ సాయంత్రం కరెంటు పోయి అత్తాకోడళ్ళు పెరట్లో విసనకర్రలతో కూర్చున్నప్పుడు, ఆ రోజు లాబ్‌లో చూసిన ఆట సంగతి ఎత్తింది. గడులన్నీ ఈ బిళ్ళల్లాగే ఆరు మూలలవట. ప్రతి గడికీ చుట్టూ ఆరు గడులు. ఖాళీ గడికి సరిగ్గా ఇద్దరు పొరుగువాళ్ళుంటే అక్కడ కొత్తగా ఒకరు పుడతారు. ఉన్నవాళ్ళకు ముగ్గురో నలుగురో తోడుంటే నిలుస్తారు. తోడు అంతకు తగ్గితే దిగులుతో పోతారు, పెరిగితే ఊపిరాడక పోతారు.

"ఇందులో ఆటేముందమ్మా, మన వీధి సంగతే కదా," అంది బద్రున్నీసా.

అని ఊరుకోలేదు. వంటింట్లోంచి రెండు గిన్నె మూతలు తెచ్చి పక్కపక్క బిళ్ళల మీద పెట్టింది. హఫ్సా లెక్క చూసింది. ఆ రెంటికీ ఒక్కొక్క తోడే ఉంది, పోతాయి. ఆ రెంటినీ ఆనుకుని అటొకటి ఇటొకటి ఉన్న బిళ్ళల మీద కొత్తవి పుడతాయి. మూతలు జరిపారు. మళ్ళీ లెక్క చూస్తే అవి పోయి, మొదటి రెండు బిళ్ళల మీదే పుట్టాయి. మళ్ళీ చూస్తే మళ్ళీ అటు. బద్రున్నీసా దీనికి ఉయ్యాల అని పేరు పెట్టి, కరెంటు వచ్చినా లోపలికి వెళ్ళకుండా ఊపుతూ కూర్చుంది.

మూతలు ఎక్కువైతే మాత్రం లెక్క చెడేది. ఆవిడ ఒక్కో మూతనూ చూసిన వెంటనే తీసేసేది. అలా కాదు, అన్నిటినీ ముందు చూసుకుని అన్నీ ఒకేసారి మార్చాలని హఫ్సా నేర్పింది. అందుకని పోవలసిన వాటి పక్కన బొగ్గుతో ఇంటూ మార్కు, పుట్టవలసిన చోట సుద్దముక్కతో సున్న. ఆ తర్వాతే చేతులాడాలి.

"కొన్ని ఆకారాలు ఉయ్యాలలా ఊగవు అత్తమ్మా, నడుచుకుంటూ పోతాయి. ఒకటి చూశాను గాని ఎలా ఉందో గుర్తులేదు," అని హఫ్సా అనడమే ఆలస్యం, ఆవిడకు వేరే పని లేకపోయింది. ఇంట్లో మూతలు చాలక వీధిలో పడింది. పక్కింటి వీరరాఘవమ్మ పాలగిన్నె మూత, ఎదురింట్లో ఉండే కరెంటాఫీసు రిటైరైన సత్యనారాయణమూర్తిగారి పప్పుగిన్నె మూత, ఆఖరికి తాహిర్ భోజనం క్యారియరు మూత. క్యారియరులో పులుసు షెడ్డు చేరేసరికి సగం దారిలోనే ఉండిపోయేది.

మూతల్లేని పాలకు పిల్లులు మరిగాయి. ఒక పిల్లి వీరరాఘవమ్మ పాలు తాగి, ఆవిడ తరిమితే గోడ దూకి బద్రున్నీసా మూతల మధ్య పడి, వాటిని చిందరవందర చేసి పోయింది. వీరరాఘవమ్మ గోడ మీంచి క్షమాపణలు చెబుతోంది. బద్రున్నీసా మూతలు సర్దలేదు. పడినవి పడినట్టే లెక్క చూసి నడిపింది. ఓ మూల గుంపు కాసేపు అటు ఒరిగి, కాసేపు ఇటు ఒరిగి, మళ్ళీ తన మొదటి ఆకారానికే వచ్చింది, కాకపోతే ఇంకాస్త ముందు బిళ్ళల మీద. కొల్లేరు గట్టున నడిచే బాతులా ఉంది వరస.

"వదినగారూ, మీ పిల్లి బాతును పెట్టిందండీ," అంది బద్రున్నీసా.

అప్పటికి శనివారమైంది. టైల్స్ వద్దని ఆవిడ తాహిర్‌తో అనేసరికి అతను అన్నం ముందునుంచి లేచాడు. ఎన్నేళ్ళుగా తన చెవులు తిన్నదీ ఏకరువు పెట్టాడు. ఆవిడ వినయంగా అంతా ఒప్పుకుని, అయినా వద్దంది. చివరికి అతను ఒక మాటన్నాడు.

"రేపు యాకోబు గునపం దించేలోపు నీ బాతు బావి దగ్గర్నుంచి గేటు దాకా నడవాలి అమ్మీ. నడిచిందా, బిళ్ళలుంటాయి. లేదా, నోరెత్తకూడదు."

మర్నాడు పొద్దున్న బాతు బావి దగ్గర బయల్దేరి జామచెట్టు దాటేసరికి వీధిలో వాళ్ళంతా ఒక్కసారే వచ్చారు. ఆదివారం కదా. ఒకరింట్లో చేపల పులుసు, ఒకరింట్లో మాంసం, అందరికీ మూతలు కావాలి. ఇవ్వనంటే బాగుండదు. ఇస్తే బాతు లేదు. బద్రున్నీసా ఒక్క క్షణం ఆలోచించింది.

"మూత మీదేనండీ, తీసుకోండి. కాకపోతే అది ఉన్నచోట కాస్త మీరు నిలబడండి."

నిలబడ్డారు. మూత చంకలో పెట్టుకుని వీరరాఘవమ్మ ఒక బిళ్ళ మీద, మూర్తిగారు ఒక బిళ్ళ మీద, తక్కిన ఆడవాళ్ళు తలా ఒకటి. క్యారియరు మూత తనదే కాబట్టి, గొణుక్కుంటూ తాహిర్ కూడా. హఫ్సా సుద్ద, బొగ్గు పట్టుకుని గుర్తులు పెట్టింది. ఇక అందరూ ఒకేసారి కదలాలి.

ఎవరూ కదల్లేదు.

"ముందు మీరు పదండి మూర్తిగారూ," అంది వీరరాఘవమ్మ.

"అబ్బే, ఆడవాళ్ళు ముందండీ," అన్నారాయన.

పోవలసినవాళ్ళు పక్కవాళ్ళకు చెప్పకుండా పోవడం మర్యాద కాదని ఆగారు. పుట్టవలసినవాళ్ళు పిలవకుండా ఎలా వస్తామని ఆగారు. ఒకావిడ జరిగి, పక్కావిడకు తన బిళ్ళలోనే సగం చోటిచ్చింది. ఒక బిళ్ళ మీద ఇద్దరు ఉంటే లెక్క ఏమవుతుందో కంప్యూటరుక్కూడా తెలియదని హఫ్సా తల పట్టుకుంది. తాహిర్ మొహంలో మెల్లగా తెల్ల టైల్స్ మెరుస్తున్నాయి. సందు చివర యాకోబు తోపుడుబండి చక్రం చప్పుడు కూడా వినిపించింది.

బద్రున్నీసాకు ఈ వీధి మర్యాద ఎక్కడ తెగుతుందో తెలుసు. కుళాయి దగ్గర. మున్సిపాలిటీ నీళ్ళు రాగానే ముందు చూసినవాళ్ళు గరిటెతో బిందె మీద కొడతారు. ఆ చప్పుడు వింటే అండీలు గిండీలు ఉండవు, అందరి కాళ్ళూ ఒకేసారి లేస్తాయి. ఆవిడ బావి గట్టు మీది ఇత్తడి బిందె తీసి గరిటెతో ఠంగున కొట్టింది.

అందరూ ఒక్కసారే కదిలారు. ఎక్కడికి పోవాలో తెలియక కిందికి చూస్తే సుద్ద గుర్తులున్నాయి, వాటి మీద నిలబడ్డారు. హఫ్సా కొత్త గుర్తులు పెట్టింది. ఠంగ్. మళ్ళీ కదిలారు. ఠంగ్. బాతు అటు ఒరిగింది, ఇటు ఒరిగింది, ముందుకు జరిగింది. మూర్తిగారు పుట్టిన ప్రతిసారీ చొక్కా సర్దుకున్నారు. బాతు బట్టలుతికే రాయి దాటి, గేటు అల్లంత దూరంలో ఉండగా, టైల్స్ బండి గేట్లో ఆపి యాకోబు లోపలికి అడుగుపెట్టాడు.

"టైల్స్ ఎక్కడ దింపమంటారు బాబూ?" అని అడుగుతూ నిలబడ్డది బిళ్ళ మీదే. నిలబడ్డాక అతనూ లెక్కలోకే వచ్చాడు.

బాతు వెళ్ళి యాకోబుకు గుద్దుకుంది. ఠంగుమన్న కొద్దీ ఒకరొకరే ఊపిరాడకో దిగులుతోనో పోయి గోడవార చేరారు. ఆఖరికి గేటు దగ్గర తాహిర్, యాకోబు ఇద్దరే మిగిలారు, పక్కపక్కన. అయినా బద్రున్నీసా బిందె కొట్టింది. వాళ్ళిద్దరూ విడిపోయి చెరోవైపు నిలబడ్డారు. మళ్ళీ కొడితే మళ్ళీ కలిశారు. ఉయ్యాల. కలిసి ఉన్నప్పుడు బండికి దారి లేదు. విడిపోయినప్పుడు బండి తోసేవాడు బిళ్ళ వదలడు. ఈ చప్పుడు విని పక్క సందు ఆడవాళ్ళు బిందెలతో పరుగున వచ్చి బండి వెనకాల వరస కట్టారు.

"నడిచిందన్నట్టా, లేదన్నట్టా?" అని అడిగింది వీరరాఘవమ్మ గోడవార నుంచి.

బద్రున్నీసా గరిటె దించేసి కొడుకు మొహం చూసింది. తాహిర్ కాళ్ళ కింది బిళ్ళను చూశాడు, యాకోబును చూశాడు, నుదురు చిట్లించాడు.

"అది తర్వాత చూద్దాం గాని అమ్మీ, ఇక్కడ మా పక్కన ఇంకొకరు నిలబడితే ఏమవుతుంది?"

ఆ ప్రశ్నతో టైల్స్ కథ ముగిసింది. యాకోబు మధ్యాహ్నం దాకా పుడుతూ పోతూ ఉండి, సాయంత్రం వాటిని వీధివైపు వసారాలో పరిచి వెళ్ళాడు. మూతలు మాత్రం తారుమారయ్యాయి. వీరరాఘవమ్మ పాలగిన్నె మీద ఇప్పటికీ క్యారియరు మూతే ఉంది.

ఆ సాయంత్రమే నిజంగా కుళాయి వచ్చింది. ఎవరో బిందె కొట్టారు. పెరట్లో ఉన్నవాళ్ళంతా తలా ఒక బిళ్ళ పక్కకు జరిగి, మర్యాదగా నిలబడి, సుద్ద గుర్తుల కోసం వెతికారు. సందులో నీళ్ళు కాలవలోకి పోతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"ఏవండీ వదినగారూ, ఇది మన బిందేనా, కుళాయి బిందా?" అంది వీరరాఘవమ్మ, బిళ్ళ దిగకుండానే.