గడప మీద మాట

నా పెళ్లప్పుడు నేను నోరు తెరవలేదు. ఆ తప్పు దిద్దుకోవడానికి నాకు పదిహేనేళ్లు పట్టింది. ఈ రాతలో ఎవరి పేరూ రాయదలచుకోలేదు. మా ఇంటాయన పేరు సంగతి సరేసరి. ఆ పేరు నలుగురిలో పలకమని నన్ను జన్మలో ఒక్కసారే అడిగారు, ఆ ఒక్కసారీ నేను పలకలేకపోయాను.

మాది చేవెళ్ల. మా బాపుకు అంగడి వీధిలో కిరాణం దుకాణం. ఉప్పు బస్తా మీద కూర్చుని నేను కేకేస్తే వీధి చివరిదాకా వినబడేది. “పెదవి దాటితే పృథివి దాటుతది, జర మెల్లగ మాట్లాడు” అని మా అమ్మ తిట్టేది. నాకు తిట్లు పట్టేవి కావు. పైసాకు ఎన్ని పోకలు వస్తాయో ముసలివాళ్లతో వాదించి గెలిచిన పిల్లను నేను. నాకంటే నోరున్న పిల్ల ఊళ్లో లేదని నా గర్వం.

పందొమ్మిది వందల ముప్పైల మొదట్లో, నా పన్నెండేళ్ల వయసులో, నన్ను మొయినాబాద్‌లో మరో కోమటింటికి ఇచ్చారు. లగ్గం చేవెళ్లలోనే అయింది. మర్నాడు సవారి బండిలో బయల్దేరదీశారు. దారిలో కనకమామిడి దగ్గర ఆగి ఎద్దులకు నీళ్లు పెట్టారు, మాకు పెట్టడం మరిచారు. పొద్దు గుంకే వేళకు అత్తగారి వాకిట్లో దిగేసరికి నాకు ఆకలి, నిద్ర, భయం మూడూ కలిసి వస్తున్నాయి.

మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. కొత్త కోడలు గడప దాటబోతుంటే ఆడబిడ్డ తలుపుకు అడ్డంగా నిలబడుతుంది. మొగుడి పేరు చెప్పమంటుంది. ఒట్టి పేరు చెబితే చాలదు, రెండు ముక్కల పాట కట్టి అందులో చెప్పాలి. అది అయ్యాక, నీకు ఆడపిల్ల పుడితే నా కొడుక్కు ఇస్తావా అని అడుగుతుంది. ఇస్తానంటేనే దారి వదులుతుంది. చూసేవాళ్లకు అది పెద్ద వేడుక.

మా వదినె, అంటే మా ఇంటాయనకు అక్క, జన్వాడలో ఇచ్చిన మనిషి. చంకలో ఏడాది కొడుకును ఎత్తుకుని తలుపుకు అడ్డం వచ్చింది. అమ్మ నాకు పాట నేర్పే పంపింది. దారి పొడుగునా దాన్ని వల్లె వేసుకుంటూనే వచ్చాను. తీరా గడప ముందు నిలబడి, వాకిలి నిండా ఉన్న ముఖాలను చూసేసరికి నాలుక లేవలేదు. మూడుసార్లు అడిగారు. “మూగపిల్లను తెచ్చిండ్రా ఏంది?” అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. చివరికి మా ఇంటాయనే దిక్కులు చూస్తూ తన పేరు తానే చెప్పుకున్నాడు. దానికి ఇంకా నవ్వారు.

రెండో ప్రశ్నకు ఆయన కూడా ఆదుకోలేడు, ఆ మాట కోడలే ఇవ్వాలి. దుర్ముహూర్తం ముంచుకొస్తోంది, హారతి పళ్లెంలో కర్పూరం అయిపోతోంది. నా వెనక నిలబడ్డ అత్త చెయ్యి, దీవిస్తున్నట్టుగా, కొంగు మీదుగా నా నడినెత్తిన పడింది. నా తల రెండుసార్లు కిందికి వంగింది. కొత్త కోడలు తల ఊపిందని వాకిలి అంతా చూసింది. వంచిన చెయ్యి సంగతి అత్తకూ నాకూ మాత్రమే తెలుసు.

నాలుగేళ్లకు నాకు కూతురు పుట్టింది. చూడ్డానికి వచ్చిన వదినె ఉయ్యాల మీదికి వంగి, “నా కోడలు” అంది. ప్రేమగానే అంది. నేను మాత్రం ఉయ్యాలను నా వైపుకు లాక్కున్నాను. ఆ పూటే ఒట్టు పెట్టుకున్నాను, ఈ పిల్ల మూగగా గడప ఎక్కదని. దీని ఈడు పిల్లలు ఎవరూ ఎక్కకూడదని కూడా.

అయితే ఆడపిల్లలకు నలుగురిలో మాట్లాడడం నేర్పుతానంటే ఏ తల్లి పంపుతుంది? చీపురు తిరగేస్తుంది. కాని గడప మీద నోరు పెగలక ఏడ్చిన కోడలి కథ ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంది. ఆడపిల్ల తల్లులందరికీ ఆ భయం ఉంది. నేను దాన్నే పట్టుకున్నాను. పేర్లు చెప్పుడు నేర్పుతానని ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. అత్తను అడిగితే ఆమె నా ముఖం వైపు చూడకుండా, “నేర్పు. ఇంట్ల పని ఆగొద్దు” అంది. అంత సులువుగా ఒప్పుకుంటుందని నేను అనుకోలేదు.

మొదట ఐదుగురు వచ్చారు. ఇద్దరు మా కోమటిళ్ల పిల్లలు, ముగ్గురు సేద్యం చేసే ఇళ్ల పిల్లలు. మధ్యాహ్నం మగవాళ్లు అన్నం తిని దుకాణానికి పోయాక పెరట్లో కూడేవాళ్లం. ధాన్యం గది గడప మీద ఒక్కొక్కరే నిలబడాలి. తలుపు చెక్కను పట్టుకోగూడదు, కొంగు నమలగూడదు. అందరికంటే దూరంగా ఎవరున్నారో వాళ్లను చూసి చెప్పాలి. దూరంగా ఉండేది మా అత్తే. పెరటి చివర బావి గట్టు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తుండేది. ఆమెకు ఎడమ చెవి సరిగ్గా వినబడదు. మాట అందితే చెయ్యి ఎత్తేది. అందకపోతే తల కూడా ఎత్తేది కాదు. పిల్ల మళ్లీ మొదలుపెట్టాల్సిందే. ఆమె చెయ్యి లేచేసరికి కొందరికి వారాలు పట్టాయి.

పెళ్లికాని పిల్లలు మొగుడి పేరు ఎక్కడి నుంచి తెస్తారు? మా బండి ఎద్దు పేరు పెట్టుకోమన్నాను. “బాయి నీళ్లు చల్లన, పుంటికూర పుల్లన” అని మొదలుపెట్టి మా ఎద్దును మొగుణ్ని చేసుకునేవాళ్లు. నవ్వి నవ్వి పొట్ట పట్టుకునేవాళ్లు. నవ్వుతున్న పిల్లకు భయం ఉండదు. నాకు కావాల్సింది అదే. తర్వాత బతుకమ్మ పాటలు పట్టాం. గుంపులో అందరూ పాడతారు కాని, ముందు చరణం ఎత్తుకోమంటే ఒకరి వెనక ఒకరు దాక్కుంటారు. రోజుకొకరు ఎత్తుకోవాలని పెట్టాను. ఆ పైన ఆటలు కట్టాం. ఒకతి కచేరీలో గుమాస్తా, ఇంకొకతి బావి తాడు పోయిందని ఫిర్యాదు తెచ్చిన రైతు పెళ్లాం. గుమాస్తా ఎంత కసిరినా రైతు పెళ్లాం వెనక్కి తగ్గగూడదు.

రెండో ఏడు వచ్చేసరికి పాట లేకుండా మాట్లాడించడం మొదలుపెట్టాను. బర్రెను అమ్మాలా వద్దా, పిల్లకు బడి ఎందుకు, ఇట్లాంటివి. ఎంతసేపు మాట్లాడాలన్నదానికి అత్త ముందున్న గిన్నే గడియారం. అది చింతపండుతో నిండేదాకా మాట్లాడాలి. పిల్ల చెప్పేది బాగుంటే అత్త చెయ్యి నెమ్మదించేది, గిన్నె ఎంతకూ నిండేది కాదు. నచ్చకపోతే చకచకా నింపి గిన్నెను గట్టు మీద ఠంగుమనిపించేది. అంతకంటే కఠినమైన పరీక్ష నేను ఎక్కడా చూడలేదు. ఆమె మాత్రం ఎన్నడూ గడప మీదికి రాలేదు. ఒకసారి రమ్మంటే, “ముసలిదాన్ని, నాకెందుకు బిడ్డా” అని ఆ మాట అక్కడే తుంచేసింది.

ఆ రోజుల్లో పదిమంది కూడి ఒకరు మాట్లాడితే సర్కారు ఇజాజత్, అదే అనుమతి, ఉండాలి. ఎవరు చెప్పారో ఏమో, ఒకనాడు ఠాణా జవాను పెరట్లోకే వచ్చి ఇది ఏం జల్సా, ఎవరు పెట్టిన సభ అని అడిగాడు. నేను లేచేలోపే అత్త అందుకుంది. పెళ్లి కావలసిన పిల్లలు మొగుని పేరు చెప్పడం నేర్చుకుంటున్నారని, దానికి కూడా ఇజాజత్ కావాలంటే సర్కారునే వచ్చి నేర్పమని చెప్పింది. జవాను మజ్జిగ తాగాడు, ఎద్దు మీద పాట ఒకటి విన్నాడు, తన పెళ్లాం ఇప్పటిదాకా తన పేరు చెప్పనేలేదని నవ్వుకుంటూ పోయాడు.

ఏళ్లు గడిచాయి. పెద్దపిల్లలు పెళ్లిళ్లయి పోయేవాళ్లు, వాళ్ల చెల్లెళ్లు వచ్చేవాళ్లు. నా కూతురు ఈ గడప మీదే మాటలు నేర్చింది. పదేళ్లు నిండేసరికి ఊరి బడిలో ఉన్న చదువంతా అయిపోయింది. పట్నంలో ఆడపిల్లలకు తెలుగులో చెప్పే బడి ఉంది, అక్కడ మా చిన్నాయన ఇల్లుంది. పంపుదామంటే మా ఇంటాయన సరేనన్నాడు. పిల్ల ట్రంకుపెట్టె ఖాళీ చేసి తన బట్టలు తానే సర్దుకుంది.

అప్పుడే మా పెరట్లో నేర్చుకున్న కనకమామిడి పిల్లకు జన్వాడ అబ్బాయితో పెళ్లయింది. మేనమామ ఇంట్లో ఉండి నాలుగేళ్లు నా దగ్గరికి వచ్చిన పిల్ల. గడప మీద పేరు కమ్మగా చెప్పింది. నీ బిడ్డను నా కొడుక్కు ఇస్తావా అని ఆడబిడ్డ అడిగితే, “పుట్టనియ్యి వదినె. పెద్దగయినంక దాన్నే అడుగుదాం” అందట. వాకిలి అంతా గొల్లున నవ్విందట, ఆడబిడ్డతో సహా. ఆ పెళ్లిలో నవ్వని మనిషి ఒక్కతే, మా వదినె. ఆ మాట ఏ పెరట్లో మొలిచిందో ఆమెకు తెలుసు. పట్నం బడి సంగతీ ఆమె చెవిన పడింది.

వారం తిరక్కుండా వదినె మా కులపెద్దలు ఇద్దరిని వెంటబెట్టుకుని జన్వాడ నుంచి బండి దిగింది. మాఘంలో లగ్గం పెట్టుకోవాలి, పిల్లను పట్నం పంపగూడదు, పెరట్లో ఆ పిల్లల గుంపును మాన్పించాలి. ఈ మూడూ తేల్చుకునే పోతానంది. ఆమె చెడ్డది కాదు. పుట్టింటితో తెగిపోకుండా ఒక్క దారం ఉంచుకోవాలని ఆమె ఆరాటం. కాని ఆ దారానికి కట్టబోయేది నా కూతుర్ని.

నడిమింట్లో చాప వేశారు. పెద్దలు కూర్చున్నారు. మా ఇంటాయన మంచివాడే, కాని అక్క ముందర పిల్లి. గోడకు ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు. మామ పోయాక ఇంటికి పెద్ద అత్తే. ఆమె లోపలి గది గుమ్మంలో చింతపండు గంప పెట్టుకుని కూర్చుంది. నా కూతురు ఆమె వెనక నిలబడి ఉంది. వాకిట్లో ఇరుగుపొరుగు ఆడవాళ్లు చేరారు.

“గడప మీద తల ఊపింది. ఊరంత చూసింది. ఇప్పుడు కాదంటే ఎట్ల?” అంది వదినె.

నేను లేచి నిలబడ్డాను. ఇరవై ఏడేళ్లు నాకు. వాకిట్లో అందరికంటే దూరంగా ఉన్న మనిషిని చూశాను. “ఆ దినం నేను మాట ఇయ్యలే. నా నోట్లకెంచి ఒక్క మాట రాలే. నా బిడ్డ సదువుకుంటది. దాని లగ్గం ఎప్పుడో, ఎవరితోనో, పెద్దగయినంక అదే చెప్తది.” మాట వాకిలి చివరిదాకా పోయింది. అది నాకే ఆశ్చర్యం.

పెద్దాయన గడ్డం నిమురుకుని, మౌనం అర్ధాంగీకారం అన్నారు కదా, తల ఊపడం పూర్తి అంగీకారమే అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. “గిదంత ఎందుకమ్మా. తల ఊపినవా, లేదా? గదొక్కటి చెప్పు.”

ఉన్నది ఉన్నట్టు చెబితే పదిమందిలో అత్త పరువు పోతుంది. జవాను ముందర మా గుంపును కాపాడిన మనిషి, పదేళ్లు మా పిల్లల మాట విన్న మనిషి. చెప్పకపోతే నా కూతురు మాఘంలో పెళ్లిపీటల మీద ఉంటుంది. అత్త మీద గౌరవంతో ఊరుకున్నానని రాసుకుంటే వినసొంపుగా ఉంటుంది కాని, అది అబద్ధం. చెప్పడానికే నోరు తెరిచాను.

నా మాట బయటికి రాకముందే గంప పక్కకు జరిగిన చప్పుడైంది. అత్త లేచింది. లేస్తూ తలుపు చెక్కను పట్టుకుంది. మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు వదిలేసింది. గుమ్మం గడప మీద నిటారుగా నిలబడి, వాకిట్లో చివరన ఉన్న మనిషిని వెతుక్కుని చూసింది.

“ఆ తల అది ఊపలే. నేను వంచిన” అంది.

పెద్దాయనకు అందలేదు. ఏమన్నావమ్మా అన్నాడు. పెరట్లో పిల్లల చేత చెప్పించినట్టే మళ్లీ మొదటి నుంచి, ఇంకా గట్టిగా చెప్పింది. “ఆ తల అది ఊపలే. పొద్దు పోతున్నదని ఈ చేత్తోని నేనే వంచిన. మాట ఇచ్చింది నేను. నా మాట నేను ఎనుకకు తీసుకుంటున్న.” తర్వాత తన కూతురి వైపు తిరిగింది. “అలుగుతే నా మీద అలుగు బిడ్డా. దాని మీద కాదు. పిల్ల పట్నం పోతది. రేపు పెరట్లకు ఈ ఆడపిల్లలు సుత వస్తరు.”

ఇచ్చిన మనిషే వెనక్కి తీసుకున్నాక తాము చెప్పేదేముంది అని పెద్దలు చెప్పులు వేసుకున్నారు. వదినె అన్నం ముట్టకుండా బండి ఎక్కింది. అత్త బండి దాకా వెనకే వెళ్లి, అది మలుపు తిరిగేవరకూ నిలబడి, కళ్లు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది.

ఆ సాయంత్రం ఆమె మళ్లీ బావి గట్టు మీద చింతపండు ముందేసుకుని కూర్చుంది. నేను ధాన్యం గది గడప మీద కూలబడ్డాను. తల ఎత్తకుండానే అడిగింది.

“ఎనుక ఉన్నోళ్లకు వినబడ్డదా?”

నేను కూడా ఆమెలాగే చెయ్యి ఎత్తాను.