సిస్టరమ్మ మంచం దిగిన రోజు

రాసుకో అమ్మలూ, మెల్లగా చెబుతాను. మీ తాత పోయిన కొత్తల్లో మాట ఇది. అప్పుడు నా మనసుకు ఏదీ తగిలేది కాదు. మనిషి ఒళ్ళు తుడిచినా, గిన్నె తుడిచినా ఒకటే. ఇంట్లో కూర్చోలేక కన్యాస్త్రీల మఠంలో పనికి కుదిరాను. వృద్ధ సిస్టర్లకు స్నానాలు చేయించడం, జావ పట్టడం.

వాళ్ళలో ఒకావిడ బర్మాలోని షాన్ కొండల్లో ఒక సంస్థానం ఏలిన రాజుగారి కూతురు. ఇంటిల్లిపాదీ బౌద్ధులు. ఆవిడ మాత్రం పడుచుతనంలోనే ఇల్లు విడిచి కేథలిక్ కన్యాస్త్రీ అయింది. నేను చూసేనాటికి మంచం పట్టింది. మేం బర్మా భాషలోనే మాట్లాడుకునేవాళ్ళం గానీ, నీకు మన మాటలో చెబుతున్నాను.

వానలు పడుతుండగా ఆవిడ చెల్లెలు కబురు పెట్టింది. అక్కను కొండకు తీసుకుపోతుందట. చివరి రోజులు అక్కడే గడపాలట, పోయాక రాజమర్యాదలతో సాగనంపుతారట. సిస్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నాను ఎల్లను. ఈ సిస్టర్లతోనే ఉంటాను, ఈల పక్కనే పోతాను. నువ్వైనా సెప్పు."

"నా మాట ఎవులు ఇంతారు సిస్టరమ్మా? పెద్ద సిస్టర్‌కి సెప్పండి."

"సెప్పినాను. తోడబుట్టింది అడిగితే కాదనలేం అంటన్నాది."

పాపం అనిపించాలి కదా. అనిపించలేదు. జావ చల్లారిపోతోందని మాత్రం అనిపించింది.

చెల్లెలు వచ్చింది, వెంట ఇద్దరు ముసలి దాసీలు. రాజబిడ్డ తల కంటే తమ తల ఎత్తులో ఉండకూడదని వాళ్ళ ఆచారం. దాసీలు గుమ్మంలోనే మోకాళ్ళ మీద పడి దేకుతూ వచ్చారు. అక్క పెద్దది కాబట్టి చెల్లెలూ వంగి నడిచి వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"ఏటే, కుర్సీ కనబడ్లేదేటి?" అంది సిస్టరమ్మ.

"నీకన్నా ఎత్తున ఎలా కూకుంతానక్కా?"

సిస్టరమ్మ నాకేసి తిరిగి, "నన్ను కిందకి దింపు" అంది. దింపాను. దాసీలు గతుక్కుమని నుదుళ్ళు నేలకు ఆనించారు. అప్పుడావిడ సిమెంటు మీద వెల్లకిలా పడుకుండిపోయింది. చెల్లెలు అటూ ఇటూ చూసి, పట్టు లుంగీ సర్దుకుని తనూ పడుకుంది.

"ఇంకా కిందకంటే గొయ్యి తవ్వాలి" అని గొణిగింది ఒక దాసీ. రెండో ఆవిడ మోచేత్తో పొడిచింది. గదిలో నిలబడ్డది నేనొక్కదాన్నే, గిన్నె పట్టుకుని. నవ్వు రావాల్సిన చోటది.

"లెగక్కా, ఏటీ మొండితనం?"

"నువ్వు కుర్సీలో కూకో, లెగుస్తాను. నాను నీ అక్కని. యువరానితనం ఎప్పుడో ఒగ్గీసినాను."

"ఊరొస్తే అందరూ వొంగుతారు కదా. ఆలకేటి సెప్తావు?"

"అందుకే రాను. సచ్చినాక కూడా నన్ను ఎత్తుమీదే పెడతారు. నాకు అందరి వరస సాలు."

చెల్లెలు పైన ఆగిపోయిన ఫ్యానుకేసి చూసింది. తర్వాత లేచి, కాలే పెనం మీద కూర్చున్నట్టు కుర్చీ అంచున కూర్చుంది. దాసీలు గట్టిగా కళ్ళు మూసుకున్నారు.

"సరే. పెద్ద సిస్టర్‌తో సెప్పీసి ఎల్తాను, నువ్వు రావని" అంది.

సిస్టరమ్మను ఎత్తి మంచం మీద పడుకోబెట్టాను. బరువే లేదు.

చలికాలంలో పోయింది. మిగతా సిస్టర్ల పక్కనే, అదే కొలత గొయ్యిలో దింపారు. చెల్లెలు వంగకుండా నిలబడి, పిడికెడు మట్టి వేసింది. నేనూ వేశాను. చెయ్యి దులుపుకున్నాను.