స్వామి మంత్రించిన చెనక్కాయలు

నా చిన్నప్పటి సంతోషమంతా ఒక దొంగ స్వామి ముంగిట్లో గడిచింది. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, నిజం అదే.

మా ఊరి గుట్ట కింద ఆయన ఆశ్రమం. ఎండాకాలం చివర్లో సోమవారం సాయంత్రాలు ఊరంతా విత్తనం చెనక్కాయల మూటలతో అక్కడికి చేరేది. ఒకపక్క భజన, ఒకపక్క కాయలు వొలవడం. మా బొటనవేళ్ళు బొబ్బలెక్కేవి. అయినా ఆడవాళ్ళ ఎగతాళులకు నవ్వీ నవ్వీ కడుపు నొప్పి పుట్టేది. ఇంట్లో నోరు విప్పని మా నాయన అక్కడ తాళాలు పట్టుకుని గొంతెత్తి పాడేవాడు. పాడే నాయనంటే నాకు ప్రాణం.

వొలిచిన గింజలు స్వామి గదిలో ఉంచాలి. వాన పడ్డాక మంత్రించి ఇస్తాడు. ఆయన చెయ్యి పడిన గింజ వమ్ము కాదని నమ్మకం. వానే దిక్కైన సీమలో ఏదో ఒకటి నమ్మక మేం మాత్రం ఏం చేస్తాం?

ఒక ఏడు మంచి పదును వాన పడింది. తెచ్చిన మూట విప్పగానే అమ్మ, "ఇవి మన గింజలు కాదు. నేను ఏరినవి ఇట్లా లేవు," అంది.

"నోర్ముయ్! స్వామి దొంగతనం చేసినాడంటావా?" అని నాయన ఎగిరాడు.

అమ్మ మూట ఎత్తుకుని చేనికి నడిచింది. నాయన గొర్రు తోలుతుంటే వెనకే నడుస్తూ ఆ గింజలనే సాళ్ళలో వేసింది. తెలిసీ ఎందుకు వేసిందో నాకు అర్థం కాలేదు. మొగుడికి భయపడిందనుకున్నాను.

చేను మొలవలేదు. ఊళ్ళో చాలామందిదీ అదే గతి. స్వామి తొణకలేదు. "మీ భూములకు దోషముంది. ఆశ్రమం పేర రాసివ్వండి. దేవుడి భూమిగా మీరే దున్నుకోండి," అన్నాడు. పక్కింటి మామ వెంటనే రాసిచ్చాడు. నాయన కూడా స్నానం చేసి, పట్టా పుస్తకం చంకలో పెట్టుకుని బయల్దేరాడు.

అమ్మ గడపకు అడ్డం నిలబడింది. మూట అడుగున మిగిలిన గింజలు ఆయన దోసిట్లో పోసి, "నువ్వు సేద్యగాడివి గదా. వాసన చూడు," అంది.

చూశాడు. ముక్కిపోయిన పాత సరుకు. స్వామి మా గింజలు అమ్ముకుని అవి అంటగట్టాడు. నాయన పుస్తకం గూట్లో పెట్టి, గోడకానుకుని కూలబడ్డాడు. మా భూమి మాకు దక్కింది. పక్కింటి మామ పొలానికి మాత్రం ఏడాది తిరక్కుండా ఆశ్రమం కంచె పడింది. ఆ కుటుంబం బెంగళూరులో కూలి చేసుకుంటోంది.

నాయన మళ్ళీ పాడలేదు. సోమవారం వస్తే విభూతి పెట్టుకుని, ఎక్కడికి పోవాలో తెలియక వాకిట్లో కూర్చునేవాడు.

మొన్న స్వామిని పోలీసులు పట్టుకున్నారు. కాజేసిన భూములు, సేవ పేరుతో బంధించిన ఆడపిల్లలు, ఎదురు తిరిగినవాళ్ళకు తగిలిన దెబ్బలు, అన్నీ టీవీలో చెబుతున్నారు. "చేసుకున్నవాడికి చేసుకున్నంత," అన్నాను కసిగా. నాయన కళ్ళు తుడుచుకున్నాడు.

"వాడు నాశనమైపోనీ పాపా. ఆ భజన మాత్రం బాగుంటాండె."

అమ్మ విరుచుకుపడుతుందనుకున్నాను. టీవీ కట్టేసి ఆయన పక్కన కూర్చుంది.

"నాకు తెల్దా? నువ్వు పాడుకుంటాండావనే గదా, తెలిసి తెలిసి ఆ గింజలు వేస్తి," అంది.