భాగ్య ఊరికి చూపించిన నాలుగు నిమిషాలు

నిన్న పదకొండున్నరకు ఆఫీసులో ఉన్నాను. బడి నుంచి హెడ్‌మాస్టర్ గారు ఫోన్ చేశారు.

"సార్, మేడం క్లాసులో పడిపోయినారు. మీరు బయల్దేరండి."

అనంతపురం నుంచి కొత్తచెరువుకు రెండు గంటల బస్సు. దారిలో రెండో ఫోన్ వచ్చింది. మేడం ఇక లేరని చెప్పారు.

గుండె, అన్నారు.

నా భార్య భాగ్యలక్ష్మి. మా ఊరి హైస్కూల్లో సైన్స్ టీచర్. నలభై తొమ్మిదేళ్ళు.

నిన్న పొద్దున కూడా ఫోన్ పట్టుకుని నా వెనకాలే తిరిగింది. ఏదో నక్షత్రం చుట్టూ కొత్త గ్రహం దొరికిందట. షర్టు గుండీలు పెట్టుకుంటూ సగమే విన్నాను.

తనను ఎరిగినవాళ్ళకు తెలుసు, అంతరిక్షం న్యూస్ వస్తే మా ఇంట్లో పండగ. అందుకే ఈరోజు తన సంతోషం ఒకటి రాస్తాను. మిగతాది నాకు చేతకాదు.

పోయినేడాది జూలై.

మన దేశం మనిషి ఒకాయన స్పేస్ స్టేషన్‌లో ఉన్నాడు. అవే రోజుల్లో ఒక తోకచుక్క కూడా దొరికింది. మన సూర్యుడిది కాదు, ఎక్కడో బయటి నుంచి వచ్చింది. ఒకే వారంలో రెండు. మా ఇంట్లో కూర రెండుసార్లు మాడింది.

ఆ స్టేషన్ ఎంత స్పీడో తనే లెక్క వేసింది. కొత్తచెరువు నుంచి అనంతపురానికి పది సెకన్లు.

"మీ బస్సువాళ్ళకు చెప్పండి," అంది.

తనకు ఒకటే పట్టు. ఆ స్టేషన్ మన మీదుగా పోయేటప్పుడు ఊరంతా చూడాలి. ఫోన్లో కాదు, కళ్ళతో. అంతకుముందు మన నౌక చంద్రుడి మీద దిగినప్పుడు వీడియో చూపిస్తే ఊళ్ళో నవ్వారు. "అంతా బొమ్మల సినిమా టీచరమ్మా" అన్నారు. అది తన మనసులో ముల్లులా ఉండిపోయింది.

మన దేశం ఆయన ఆ స్టేషన్‌లో ఉండేది కొన్ని రోజులే. అందులో చీకటి పడగానే మాకు కనబడేది నాలుగు సాయంత్రాలు.

ఒక పొద్దున పాలకేంద్రం దగ్గర అందరికీ టైం చెప్పింది. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది.

"మబ్బు రాకుంటే చాలు," అంది.

జూలైలో. శనక్కాయ విత్తనాలు ఒలిచి పెట్టుకుని, విత్తడానికి పదును వాన కోసం ఆకాశం వైపు చూస్తూ కూర్చున్న రైతుల మధ్య.

పాలు పోసేవాళ్ళు ఆగిపోయారు. మా పక్కింటి వన్నూరప్ప మామ క్యాను కింద పెట్టాడు.

"ఏమ్మా, నీకు జీతం ఒకటో తేదీ పడతాది. మాకు వాన పడల్ల. ఊళ్ళో ఉండుకోని మబ్బు వద్దంటావా?"

ఇంటికొచ్చి గడపలోనే కూర్చుంది. "నా నోటికి ఏమొచ్చిందండీ," అంది.

మర్నాడు మళ్ళీ తనే పోయింది.

"మామా, రాజీ పడదాం. ఏడూ నలభై దాకా నాకు. ఆ పైన తెల్లారేదాకా మీకు."

"వానకు గూడా టైంటేబుల్ రాసిస్తావా తల్లీ," అన్నాడు. అంతా నవ్వారు.

మొదటి మూడు సాయంత్రాలూ మబ్బు పట్టింది. చుక్క రాలలేదు. మా సీమలో మబ్బు అట్లాగే వస్తుంది, గాలి తోలుకుపోతుంది. రైతులకూ లేదు, టీచరుకూ లేదు. ఇద్దరూ కలిసి ఒకే మబ్బును తిట్టుకున్నారు.

నాలుగో రోజు సాయంత్రం గాలి లేచింది. పడమర తేటపడింది.

బడి ముందర నలభై మంది దాకా చేరారు. వన్నూరప్ప మామ వాళ్ళమ్మ సుంకమ్మవ్వను కూడా నడిపించుకుని వచ్చాడు. అవ్వకు ఒక కన్నే కనబడుతుంది.

సరిగ్గా చెప్పిన నిమిషానికి స్టేషన్ పడమర నుంచి లేచింది. నిప్పుకణం లాంటి వెలుగు. మిణుకుమనదు, చప్పుడు లేదు. విమానం కాదని అందరికీ చూస్తూనే తెలిసింది.

"దాంట్లో మనోడు ఉండాడా?" అన్నాడు మామ.

"ఉండాడు మామా. నువ్వు చూస్తాండేది ఆయన ఉండే ఇల్లే."

మామ భుజం మీది టవల్ తీసి తల పైకెత్తి ఊపాడు. దూరం చేనులో ఉన్నవాణ్ణి పిలిచినట్టు, "ఓ అబ్బీ" అని కేకేశాడు. పిల్లలు నవ్వారు. తర్వాత వాళ్ళూ చేతులు ఊపారు.

"యాడ? నాకు కనపళ్ళేదు," అంటోంది అవ్వ.

భాగ్య అవ్వ వెనక నిలబడి గడ్డం పట్టుకుంది. మెల్లగా తల తిప్పుతూ పోయింది. "ఆడ అవ్వా. వేపచెట్టు పైన. ఇంకొంచెం. ఆ."

అవ్వ కన్ను ఆ వెలుగు వెంటే కదిలింది.

"వాళ్ళమ్మ ఎట్ల నిద్ర పోతాంటాదో," అంది చివరికి.

ఆ వెలుగు తూర్పున భూమి నీడలో కలిసిపోయింది. నాలుగు నిమిషాలు. "ఇది సినిమా కాదులే టీచరమ్మా," అన్నాడు మామ. ఇంటికి వచ్చేదాకా తను నడవలేదు, గెంతింది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి.

అన్నం పెడుతుంటే అడిగాను. "ఎంత వెలుగుందో చూసినావా?"

గరిటె ఆగింది.

"లేదండీ. అవ్వ కన్ను ఎటు పోతోందో చూస్తాంటి."

ఆ తర్వాతి సాయంత్రాల్లో అది మాకు కనబడే దారిలో లేదు. ఆయన భూమికి వచ్చేశాడు. "మళ్ళీ మనవాళ్ళు పోతారు కదా, అప్పుడు చూస్తాలే," అంది. మామూలుగానే అంది.

ఆ నాలుగు నిమిషాలూ నేను తన పక్కనే ఉన్నాను. ఒక్కసారి తన భుజం తట్టి "నువ్వూ చూడు" అంటే సరిపోయేది. అవ్వ గడ్డం నేను పట్టుకునేవాణ్ణి.

అనలేదు. నేను పైకే చూస్తూ ఉండిపోయాను.

అంత బాగుంది భాగ్యా, అది.

ఇంక ఎవరికీ చూపించే పని లేదు నీకు. నిదానంగా, నీ కోసం నువ్వు చూసుకో. నీకు శాంతి కలగాలి.